నిచ్చెనతో పాటు మనిషినీ అడగండి

ప్రశ్న: నమస్తే అన్నా. మాది కావలికి తూర్పున, సముద్రం వైపు పల్లె. నాన్న కట్టిన రెండు గదుల పెంకుటిల్లు, పైన బెంగళూరు పెంకులు. పోయిన కార్తీకంలో వానకి నాలుగు చోట్ల గిన్నెలు పెట్టుకుని, పిలకాయల్ని ఒక మూలకి జరిపి రాత్రంతా కూర్చున్నాం. పెంకులు దించి, పాడైన కర్ర మార్చి, మళ్ళీ వేసుకోవాలి. మేస్త్రీ చెప్పిన కూలి వింటే గుండె గుభేలుమంది. నేనూ, మా బామ్మర్దీ, ఇద్దరు స్నేహితులూ కలిసి చేసుకోగలమా? మా దగ్గర సుత్తి, రంపం తప్ప ఏమీ లేవు. ఊళ్ళో ఒకర్ని అడగాలంటే మొహమాటం.

జవాబు: చేసుకోగలరు తమ్ముడూ. నలుగురున్నారు కాబట్టి చెబుతున్నాను, ఇద్దరే అయితే వద్దనేవాణ్ణి. రెండు గదుల కప్పు ఓ 400 చదరపు అడుగులు అనుకుంటే, నూరు అడుగులకి సుమారు 150 పెంకుల లెక్కన 600 పెంకులు, ఒక్కోటి రెండున్నర కిలోలు వేసుకున్నా టన్నున్నర బరువు. అదంతా చేతుల మీదుగా కిందికి దిగాలి, మళ్ళీ చేతుల మీదుగానే పైకెక్కాలి. పైన ఇద్దరు, నిచ్చెన మీద ఒకరు, కింద ఒకరు, తప్పదు.

మొహమాటం సంగతి ముందు మాట్లాడదాం, ఎందుకంటే మీ పని ఆగింది అక్కడే. ఎరువు సొమ్ము బరువు చేటు అని పెద్దవాళ్ళు అన్నారు నిజమే, కానీ అది పెళ్ళికి అరువు తెచ్చుకున్న నగల మాట. పనిముట్టు అలా కాదు. దాన్ని రోజూ వాడే మనిషి దగ్గరికి వెళ్ళి అడిగితే, వస్తువుతో పాటు దాన్ని ఎలా పట్టుకోవాలో, ఎక్కడ మొరాయిస్తుందో కూడా చెప్పి ఇస్తాడు. అందుకే ఇంట్లో మూలన పడేసుకున్నవాడి దగ్గర కాదు, పనిచేసేవాడి దగ్గరే అడగండి. మీ ఊళ్ళో పాత పెంకుటిళ్ళు కట్టిన వడ్రంగి ఒకరైనా ఉంటారు, వయసైపోయి పైకెక్కలేకపోవచ్చు. ఆయన ఇంటికి పొద్దున్నే వెళ్ళి, "పెద్దాయనా, ఒక పూట మా ఇంటికొచ్చి కింద కుర్చీలో కూర్చుని కర్ర చూసి చెప్పండి, మీ పూట కూలి నేనిస్తాను" అని అడగండి. పని నలుగురూ ఊరికే చేసుకోండి గానీ ఆయన పూట కూలి మాత్రం ఎగ్గొట్టొద్దు. మొత్తం ఖర్చులో అన్నిటికన్నా లాభం చేసే డబ్బు అదే.

నిచ్చెనకి షామియానా సప్లయర్స్ వాళ్ళు, రంగులేసేవాళ్ళు, సెంట్రింగ్ సామాను అద్దెకిచ్చేవాళ్ళు ఉన్నారు. మోకు ట్రాక్టరున్న రైతు దగ్గర దొరుకుతుంది. మీది తీరం పక్క ఊరు కాబట్టి సరుగుడు తోటలకి కొదవ లేదు, నాలుగు సర్వి బాదులు, అంటే సరుగుడు కర్రలు, ఎవరినడిగినా ఇస్తారు, పైన నిలబడడానికి పలకల కింద ఆసరాగా కట్టుకోవచ్చు. వెదురు నిచ్చెన తెస్తే ఎక్కేముందు ప్రతి మెట్టునీ నేల మీద పెట్టి తొక్కి చూడండి. చూరు 8 అడుగుల ఎత్తుంటే నిచ్చెన కాళ్ళు చూరు అంచుకి సరిగ్గా కింద ఉన్న చోటు నుంచి 2 అడుగులు బయటికి ఉండాలి, పై కొస చూరు దాటి 3 అడుగులు పైకి రావాలి, అక్కడ తాడుతో కట్టేయాలి. ఇంటి మీదికొచ్చే కరెంటు సర్వీసు వైరుని లైన్‌మన్‌తో తీయించకుండా ఒక్క పెంకు కూడా కదపొద్దు.

ఇక కప్పు. పెంకు తీయకముందే ఒక మధ్యాహ్నం తలుపులు, కిటికీలు మూసి లోపల నిలబడండి. కప్పులోంచి ఎండ సన్నటి గీతలుగా దిగుతుంది, నేల మీద రూపాయంత వెలుగు మచ్చలు పడతాయి. ఎండ ఏటవాలుగా దిగుతుంది కాబట్టి మచ్చకి నేరుగా పైన కాదు, ఆ గీత వెంటే పైకి చూసి, అది లోపలికొచ్చే చోట వాసం (పెంకుల్ని మోసే వాలు కర్ర) మీద సుద్దముక్కతో గుర్తు పెట్టండి. తర్వాత ఒక స్క్రూడ్రైవర్ తీసుకుని ప్రతి వాసాన్నీ గోడలోకి దూరే చోట గుచ్చి చూడండి. మధ్యలో ఎంత గట్టిగా ఉన్నా కర్ర కుళ్ళేది అక్కడే, తేమ దిగేది అక్కడే కదా. మా అమ్మ ఉన్న ఇంటికి నేను ఇలాగే చూస్తే తొమ్మిది వాసాలు ఠంగుమన్నాయి, పదోదాన్లోకి స్క్రూడ్రైవర్ పిడి దాకా దిగిపోయింది, బయటికి లాగితే గోధుమపిండి లాంటి పొడి రాలింది. పైనుంచి చూస్తే దానికి రంగు కూడా చెదరలేదు. ఆ వాసం మీద కాలు పెట్టి ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ తలుచుకుంటాను.

పెంకులు దించేటప్పుడు ఒక వాలు పూర్తిగా ఖాళీ చేసి రెండోదాని జోలికెళ్ళకండి. ఒక పక్క బరువు పోతే రెండో పక్క బరువు వాసాల్ని నెట్టేస్తుంది. కొప్పు (రెండు వాలులూ పైన కలిసే చోటు) నుంచి మొదలుపెట్టి అటు రెండు వరసలు, ఇటు రెండు వరసలు తీస్తూ దిగండి. ఎక్కించేటప్పుడు చూరు నుంచి కొప్పుకి, అదే పద్ధతిలో. దించిన ప్రతి పెంకునీ వేలి కణుపుతో కొట్టి చూడండి, ఖంగుమంటే మంచిది, బొంగురుగా మోగితే ఎక్కడో పగులుంది, పక్కన పడేయండి.

తక్కువైన పెంకులకి కొత్తవి కొనకముందు పాతిళ్ళు కూల్చిన సామాను అమ్మేవాళ్ళ దగ్గరికి మీ పెంకు ఒకటి చేత్తో పట్టుకెళ్ళండి. ఫ్యాక్టరీకో అచ్చు, ఒకదాని గాడిలో ఇంకొకటి సరిగ్గా కూర్చోదు, కంటికి ఒకేలా కనిపించినా వానకి తేడా తెలుస్తుంది. అచ్చు కలవకపోతే, పాతవన్నీ ఒక వాలుకి, వేరేవన్నీ రెండో వాలుకి వేసేయండి, కలపొద్దు. రీపర్ల (వాసాల మీద అడ్డంగా కొట్టే సన్న కర్రల) మధ్య దూరం ఎంత అని చాలామంది అడుగుతారు. టేపు కన్నా పెంకునే అడగడం మంచిది. రెండు రీపర్లు నేల మీద పరిచి, వాటి మీద పై వరస పెంకు కింది వరసలో బిగుతుగా కూర్చునేదాకా జరిపి, ఆ దూరానికి ఒక కర్రముక్క కోసి పెట్టుకోండి. కప్పు మొత్తానికీ అదే కొలకర్ర. రెండు వాలులకి రెండు రకాల పెంకులైతే రెండు కొలకర్రలు.

ఎప్పుడు చేయాలంటారా? సంక్రాంతి దాటాక, మార్చిలోపు. మేలో పెంకు చేత్తో పట్టుకోలేరు. మన వైపు గట్టి వాన పడేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే. 2015 నవంబరూ, 2021 నవంబరూ నెల్లూరు జిల్లాలో ఎవరూ మర్చిపోలేదు, 2023 మిచాంగ్ తుపాను కూడా డిసెంబరు 5నే బాపట్ల దగ్గర తీరం దాటింది. వినాయక చవితి నాటికి కూడా కప్పు విప్పి ఉంటే చాలా టెన్షన్. ఏమైనా సరే పెద్ద టార్పాలిన్ ఒకటి ముందే తెచ్చి పెట్టుకోండి. అది మాత్రం అరువు తేకండి, కొనండి, ఎన్ని రోజులు కావాలో మీకే తెలియదు.

ప్రశ్న: అన్నా, మాది పొదిలి దగ్గర. ఇంటి మీద ముప్పై ఏళ్ళ సిమెంటు రేకులు, నెర్రెలిచ్చాయి. పక్కింటి వెల్డరు కటింగ్ మెషిన్ ఇస్తానన్నాడు. మా ఆయన, నేను ఆదివారం కోసి దించేద్దామనుకుంటున్నాం.

జవాబు: చెల్లెమ్మా, ఆ మెషిన్ తీసుకోవద్దు. ఈ ఆదివారం మొదలుపెట్టనూ వద్దు. అంత పాత సిమెంటు రేకంటే అందులో ఆస్‌బెస్టాస్ పీచు ఉన్నట్టే లెక్క. రేకు కదలకుండా ఉన్నంతకాలం ఆ పీచు చాలావరకు అందులోనే ఉంటుంది. మెషిన్ పెట్టి కోశారా, కంటికి కనపడని దుమ్మై లేస్తుంది, ఊపిరితిత్తుల్లోకి వెళ్ళి అక్కడే ఉండిపోతుంది. అన్ని రకాల ఆస్‌బెస్టాసూ క్యాన్సర్ కారకమే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది, జబ్బు బయటపడడానికి ఇరవై, ముప్పై ఏళ్ళు పట్టొచ్చు కాబట్టి ఈరోజు దగ్గు రాకపోతే ఏమీ కాలేదని కాదు. ముఖానికి చున్నీ చుట్టుకుంటే ఆగదు.

రెండో భయం, పాత రేకు మీద కాలు పెడితే బిస్కెట్టులా విరుగుతుంది. ఇంటి పని సొంతంగా చేసుకోమని నేనే అందరికీ చెబుతాను, ఈ పని మాత్రం అలవాటున్న మనుషులకి డబ్బిచ్చి చేయించండి. మీరు దగ్గరుండి అడగాల్సినవి ఇవి: రేకుల్ని ముందు నీళ్ళతో బాగా తడపాలి, బోల్టుని చేతి రంపంతో కోసి రేకుని నిండుగా దించాలి, పైనుంచి విసరకూడదు, రేకు మీద నడవకుండా కింద పైపులకి ఆనేలా అడ్డంగా పలకలు వేసుకోవాలి, ముఖానికి అతుక్కుని పక్కన ఫిల్టర్లుండే మాస్కు పెట్టుకోవాలి. పిలకాయల్ని ఆ రోజు అమ్మమ్మ వాళ్ళింటికి పంపండి. రాలిన ముక్కల్ని చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో ఎత్తి, మూటకట్టి, మామూలు చెత్తలో కలపకుండా, ఎక్కడ ఇవ్వాలో పంచాయతీ వాళ్ళని కనుక్కుని అప్పగించండి. కోళ్ళగూటికో, గుంత పూడ్చడానికో పనికొస్తాయని దాచుకోకండి.

కొత్తగా ఇనుప రేకు వేసుకుంటుంటే ఒక్క మాట. ఇల్లు తూర్పు పడమరలుగా పొడుగ్గా ఉంటే పడమటి చివర నుంచి మొదలుపెట్టి తూర్పుకి రమ్మనండి. అప్పుడు పై రేకు అంచు తూర్పుగాలికి ఎదురుగా తెరుచుకోదు. స్క్రూ అల పైభాగాన పడాలి, నీళ్ళు పారే పల్లంలో కాదు.

ప్రశ్న: పక్కింటాయన దగ్గర తెచ్చిన వెదురు నిచ్చెన మెట్టు ఒకటి లోపల చీలింది. బయటికి కనపడదు. చెప్పాలా?

జవాబు: చెప్పాలి, ఈరోజే చెప్పాలి. చాలా ఏళ్ళ క్రితం నేను ఇలాంటి నిచ్చెనే చెప్పకుండా గోడకి ఆనించి వచ్చేశాను. వారం తర్వాత ఆ ఇంటి కోడలు అటక మీద చింతపండు కోసం అదే నిచ్చెన ఎక్కింది, నాలుగో మెట్టు విరిగి పడింది. చెయ్యి విరగలేదు, అంతే. మెట్టు మార్పించి, కొత్త తాడు కట్టించి, ఆయన ముందు మీరే ఒకసారి ఎక్కి దిగి అప్పగించండి.