చీటీ డబ్బు పెట్టి బ్లాగుకు డిజైన్ చేయించాలా?

ప్రశ్న: మాది కొత్తపేట దగ్గర పల్లెటూరు. 14 నెలలుగా గూగుల్ ఉచితంగా ఇచ్చే బ్లాగర్‌లో గోదావరి వంటలు రాస్తున్నాను. ఇప్పటికి 62 వంటలయ్యాయి. ప్రకటనల ఖాతాలో 40 డాలర్లు చేరాయి. ఉచిత డిజైన్ కాబట్టే చదివేవాళ్లు పెరగడం లేదని, సొంతంగా చేయించుకోమని తెలిసినవాళ్లు అంటున్నారు. రాజమండ్రిలో ఒక డిజైనర్ బ్లాగుని వర్డ్‌ప్రెస్ అనే ఇంకో వేదికకి మార్చి అంతా చేసిపెట్టడానికి 45,000 అడిగారు. అడ్వాన్సు ఇంకా ఇవ్వలేదు. లక్ష రూపాయల చీటీ (నెలకు 5,000, 20 నెలలు) పదకొండో నెలలో పాడాను. తాకట్టులో ఉన్న గాజులు విడిపించగా 60,000 మిగిలింది. మావారికి రెండెకరాల వరి ఉంది. ఈ డబ్బు డిజైన్‌కి పెట్టొచ్చా?
— ఒక గృహిణి, కోనసీమ

జవాబు: ఇప్పుడు పెట్టకండి. డిజైన్ మంచిదా కాదా అన్నది తర్వాత చూద్దాం, ముందు డబ్బు సంగతి చెబుతాను.

60,000 మీ చేతిలో ఉన్నమాట నిజమే గానీ అందులో 45,000 మీది కాదండీ. పదకొండో నెలలో పాడారంటే ఇంకా తొమ్మిది వాయిదాలు కట్టాలి. తొమ్మిది ఐదులు నలభై ఐదు. డిజైనర్ అడిగింది కూడా సరిగ్గా అంతే. చీటీ చివరికొచ్చేకొద్దీ పాడేవాళ్లు తగ్గిపోతారు, పాట పెద్దగా వెళ్లదు, అందుకని వాయిదాలో తగ్గింపు కూడా నామమాత్రంగానే ఉంటుంది. దాదాపు పూర్తి 5,000 కట్టాల్సి వస్తుందనే లెక్క వేసుకోండి. పాడుకున్న చీటీ చేతికొచ్చిన రోజు సంపాదనలా కనిపిస్తుంది కానీ ఆ రోజు నుంచి అది అప్పే. మీకు జామీను సంతకం పెట్టినవాళ్లు కూడా ఉండి ఉంటారు. వాయిదా తప్పితే మాట పడేది వాళ్లు. ఆ 45,000 ఇంటి ఖర్చుల ఖాతాలో ఉంచకుండా వేరే పొదుపు ఖాతాలో వేసి, నెలనెలా అక్కడి నుంచే కట్టండి. మిగిలిన 15,000 సార్వా పెట్టుబడికో, వానలకి కోత ఆలస్యమైతే ఇల్లు గడవడానికో ఉండాలి. రెండెకరాల వరి మీద బతికే ఇంటికి ఆమాత్రం నిలవ లేకపోతే గాజులు మళ్లీ తాకట్టుకే వెళ్తాయి.

ఇక బ్లాగు లెక్క. డాలరు 85 రూపాయలనుకుంటే 40 డాలర్లు 3,400 అవుతాయి. అదీ ఇంకా మీ బ్యాంకుకి రాలేదు, 100 డాలర్లు దాటితే గానీ గూగుల్ పంపదు. 14 నెలల మీద పంచితే నెలకు 243 రూపాయలు. ఈ లెక్కన 45,000 తిరిగి రావడానికి 15 ఏళ్లు దాటుతుంది. కొత్త డిజైన్ వల్ల రాబడి రెట్టింపయిందనుకున్నా ఏడున్నరేళ్లు. ఆ సొమ్మే ఆరున్నర శాతం వడ్డీకి బ్యాంకులో వేస్తే ఏడాదికి 2,925 వస్తుంది. మీ బ్లాగు ఇప్పుడు ఏడాదంతా తెచ్చేది కూడా ఇంచుమించు అంతే.

పైగా 45,000 తో ఖర్చు ఆగిపోదు. బ్లాగర్‌లో మీరు సర్వర్ అద్దె కట్టడం లేదు. వర్డ్‌ప్రెస్‌కి మారితే హోస్టింగ్, అంటే ఆ సర్వర్ అద్దె, ఏటా కట్టాలి. మొదటి ఏడాది ఆఫర్ ధర చూపిస్తారు, రెండో ఏడాది రెన్యువల్ దానికి రెండు మూడు రెట్లు ఉండటం మామూలే. ప్లగిన్లు (సైటుకి తగిలించే అదనపు ప్రోగ్రాములు) అప్‌డేట్ చేసినప్పుడు ఏదో ఒకటి చెడుతుంది, బాగుచేయడానికి మళ్లీ డిజైనర్‌నే పిలవాలి. హోస్టింగ్, డొమైన్ (సైటు అడ్రసు పేరు) కలిపి ఏటా 5,000, రెండో ఏడాది నుంచి మరమ్మతులకి 4,000 అనుకుంటే ఐదేళ్లలో మొత్తం 86,000 అవుతుంది. కొటేషన్ ఇచ్చేవాళ్లు చెప్పేది మొదటి రోజు ఖర్చు మాత్రమే. మీరు అడగాల్సింది ఐదేళ్ల ఖర్చు.

చదివేవాళ్లు పెరగకపోవడానికి ఉచిత డిజైన్ కారణం అన్నమాట నేను ఒప్పుకోను. ఉచిత డిజైన్లలో లోపాలు లేవని కాదు. ఉన్నాయి, వాటిలో చాలావరకు ఖర్చు లేకుండా మీరే సరిచేసుకోవచ్చు.

మీ బ్లాగుని ఫోన్‌లో తెరిచి ‘పనసపొట్టు కూర’ లాంటి పొడవాటి శీర్షిక ఒకటి చూడండి. శీర్షిక రెండు వరుసల్లో పడినప్పుడు ‘ట్టు’లోని వత్తు కింది వరుస గుడులకీ తలకట్లకీ తగులుతోందా? తగులుతుంటే మీ డిజైన్‌లో వరుసల మధ్య దూరం ఇంగ్లిష్ అక్షరాల కోసం పెట్టింది. ఇంగ్లిష్‌కి అక్షరం సైజుకి 1.2 రెట్లు సరిపోతుంది. వత్తులు అక్షరం కిందికి వేలాడతాయి కాబట్టి తెలుగుకి కనీసం 1.6, మామూలు పేరాల్లో 1.7 లేక 1.8 ఉండాలి. థీమ్ కస్టమైజ్‌లో అడ్వాన్స్‌డ్ కింద సీఎస్ఎస్ (పేజీ రూపం మార్చే కోడ్) చేర్చే చోట లైన్ హైట్, అంటే ఈ వరుసల దూరం, ఒక్కటి మారిస్తే చాలు. అక్షరాల మధ్య ఎడం పెంచే లెటర్ స్పేసింగ్ ఉంటే దాన్ని సున్నా చేయండి. ఈ రెండూ తెలియని డిజైనర్ 45,000 తీసుకున్నా వత్తులు అలాగే తగులుతాయి.

ఫాంటు విషయం కూడా అంతే. మండలి, రామభద్ర, గిడుగు, నోటో సాన్స్ తెలుగు అన్నీ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగానే ఉన్నాయి. పేరాలకి ఒకటి, శీర్షికలకి ఒకటి, అంతకు మించి పెట్టకండి. వత్తులూ గుణింతాలూ కలిసి తెలుగు ఫాంటు ఫైలు ఇంగ్లిష్ ఫాంటు కంటే చాలా బరువుగా ఉంటుంది. నాలుగైదు పెడితే పల్లెల్లో ఫోన్ సిగ్నల్‌కి పేజీ తెరుచుకోదు. ఫొటోలు కూడా ఫోన్‌లో తీసినవి తీసినట్టు ఎక్కించకుండా, 1,200 పిక్సెళ్ల వెడల్పుకి కుదించి 150 కేబీ లోపు ఉండేలా చూడండి. తర్వాత పేజీ ఎంత వేగంగా తెరుచుకుంటుందో చూపించే గూగుల్ పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌లో మీ అడ్రసు పరీక్షించండి, ఇదీ ఉచితమే. పేజీలోని పెద్ద భాగం రెండున్నర సెకన్లలోపు కనిపిస్తే బాగున్నట్టు.

ఎక్కువమంది గమనించనిది ఇంకొకటి ఉంది. బ్లాగర్‌లో శీర్షిక పూర్తిగా తెలుగులో రాస్తే లింకులో వంట పేరు రాదు, ‘బ్లాగ్ పోస్ట్’ అని పడి పక్కన ఒక నంబరు వస్తుంది. ఇకమీదట పబ్లిష్ చేసేముందు పెర్మాలింక్ (పోస్టు లింకు) దగ్గర ‘కస్టమ్’ ఎంచుకుని వంట పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో మీరే రాయండి. పాత 62 లింకులు మాత్రం కదపకండి. మారిస్తే ఇప్పటికే ఎవరైనా వాట్సాప్‌లో పంపుకున్న లింకులు చచ్చిపోతాయి.

బయట సైట్లలో దొరికే ఉచిత టెంప్లేట్ల జోలికి వెళ్లకండి. వాటిలో చాలావాటికి అడుగున ఎవరిదో లింకు ఉంటుంది, దాన్ని తీసేస్తే లోపల దాచిన స్క్రిప్టు మీ పాఠకుల్ని వాళ్ల సైటుకి మళ్లిస్తుంది. డబ్బుకి అమ్మే థీమ్‌ని దొంగ కాపీ చేసి ఉచితంగా పెట్టినవి ఇంకా ప్రమాదం. బ్లాగర్ సొంతంగా ఇచ్చే కాంటెంపో, సోహో, నోటబుల్ లాంటివి చాలు. ఏది మార్చినా ముందు థీమ్ బ్యాకప్ ఫైలు దించి పెట్టుకోండి.

డబ్బు పెట్టదగ్గది ఇప్పుడు ఒక్కటే, సొంత డొమైన్ పేరు. డాట్ ఇన్ అయితే ఏడాదికి సుమారు వెయ్యి రూపాయలు అవుతుంది. కొనేటప్పుడు మొదటి ఏడాది ధర కాదు, రెన్యువల్ ధర చూడండి. మే నెలలో కొనండి. రెన్యువల్ ఏటా అదే తారీఖుకి వస్తుంది. దాళ్వా ధాన్యం డబ్బు చేతికొచ్చాక ఆ వెయ్యి తేలిగ్గా కట్టొచ్చు. జులైలో కొంటే ఏటా సార్వా ఊడ్పుల ఖర్చుల మధ్య పడి గడువు మరిచిపోతారు. డొమైన్ పోతే తిరిగి తెచ్చుకోవడానికి అసలు ధరకి ఎన్నో రెట్లు అడుగుతారు. డొమైన్ మీ పేరు మీద, మీ ఈమెయిల్‌తో ఉండాలి, డిజైనర్ పేరు మీద వద్దు. బ్లాగర్ సెట్టింగ్స్‌లో కస్టమ్ డొమైన్ ఇస్తే రెండు సీనేమ్ రికార్డులు (అడ్రసుని బ్లాగుకి కలిపే వివరాలు) చూపిస్తుంది, వాటిని డొమైన్ కొన్నచోట చేర్చాలి. పాత బ్లాగ్‌స్పాట్ లింకులు వాటంతటవే కొత్త అడ్రసుకి వెళ్తాయి. కొత్త అడ్రసుని యాడ్‌సెన్స్ (మీ గూగుల్ ప్రకటనల) ఖాతాలో ‘సైట్స్’ కింద చేర్చడం మాత్రం మరవకండి, చేర్చకపోతే ప్రకటనలు ఆగిపోతాయి.

డిజైన్ కోసం అసలెప్పుడూ ఖర్చు పెట్టొద్దనడం లేదు. గడిచిన 12 నెలల్లో బ్లాగు తెచ్చినంత మాత్రమే, ఆ డబ్బులోంచే పెట్టండి. మొదట మీ బ్లాగు పేరుని తెలుగు లెటరింగ్‌తో అందంగా రాయించుకోండి. చేతిరాత ఆర్టిస్టులు ఆ ఒక్క పని చేసిపెడతారు, రేపు ఏ డిజైన్‌కి మారినా అది మీతోనే వస్తుంది. పచ్చళ్లో పూతరేకులో ఆర్డర్లు తీసుకుని అమ్మే ఆలోచన ఉంటే అప్పుడు పూర్తి డిజైన్ గురించి మాట్లాడుకోవచ్చు, ఎందుకంటే అమ్మకం మీద వచ్చే లాభం ప్రకటనల చిల్లరలాంటిది కాదు.

ఆ రోజు వచ్చినప్పుడు డిజైనర్ ఇదివరకు చేసిన సైటు ఒకటి అడిగి, కంప్యూటర్‌లో కుడి క్లిక్ చేసి పేజీ సోర్స్ (పేజీ వెనకున్న కోడ్) తెరవండి. వర్డ్‌ప్రెస్ సైటైతే ఇంగ్లిష్‌లో ‘themes’ అనే మాట వెతికితే దాని పక్కనే థీమ్ పేరు ఉంటుంది. ఆ పేరుతో గూగుల్‌లో అమ్మకానికి రెడీమేడ్ థీమ్ కనిపిస్తే, కస్టమ్ అని చెప్పింది రంగులు మార్చిన రెడీమేడ్ అన్నమాట. తప్పేం లేదు, కానీ దానికి కస్టమ్ ధర కట్టకూడదు. ఒప్పందం కాగితం మీద రాసుకోండి: 30 శాతం అడ్వాన్సు, నమూనా నచ్చాక 40, అన్ని లాగిన్లూ అసలు ఫైళ్లూ చేతికొచ్చాక 30. ఎన్నిసార్లు మార్పులు చేస్తారు, పూర్తయ్యాక ఎన్నాళ్లు ఉచితంగా బాగుచేస్తారు అన్నవి కూడా అందులో ఉండాలి. పాత 62 వంటలు ఫొటోలతో సహా కొత్త సైటుకి చేర్చే పని ఆ ధరలోనే ఉందో లేదో విడిగా అడిగి రాయించుకోండి. గొడవలు ఎక్కువగా వచ్చేది అక్కడే.