శాలువా కప్పే ముందు: పూర్వ విద్యార్థుల సన్మానాలపై మీ ప్రశ్నలు

1926లో మొదలైన ఆంధ్ర విశ్వవిద్యాలయం వందేళ్ల పండుగ చేసుకుంటుంటే, చిన్న ఊళ్ల డిగ్రీ కాలేజీలు యాభైయ్యో ఏటి ఉత్సవాలకు సిద్ధమవుతున్నాయి. పూర్వ విద్యార్థుల సంఘాల నుంచి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువమందికి పనికొచ్చేవాటికి ఈసారి జవాబులు.

ప్ర: మా కాలేజీ స్వర్ణోత్సవాల్లో పూర్వ విద్యార్థులకు అవార్డులు ఇవ్వాలనుకుంటున్నాం. ప్రతి బ్యాచ్ వాళ్లూ తమ వాడి పేరే చెబుతున్నారు. గొడవ లేకుండా ఎంపిక చేయడం ఎలా?
– సంఘం కార్యదర్శి, తెనాలి

జ: పేర్లు వచ్చాక నియమాలు రాస్తే, ఏ నియమం రాసినా ఫలానా ఆయన కోసమే రాశారంటారు. కాబట్టి ఒక్క పేరు కూడా రాకముందే రెండు పేజీల నియమావళి రాసి, కార్యవర్గంలో తీర్మానం చేసి, మినిట్స్ పుస్తకంలో ఎక్కించండి. మూడు విభాగాలు చాలు: సమాజ సేవ, వృత్తిలో సాధించినది, కాలేజీకి తిరిగి ఇచ్చినది. విభాగానికి ఇద్దరికి మించొద్దు. 'తగినవారు లేకపోతే ఆ ఏడు ఆ విభాగం ఖాళీ' అన్న మాట కూడా అందులో ఉండాలి. అది లేకపోతే చివరి వారంలో ఎవరో ఒకరితో నింపేస్తారు.

ఎంపిక సంఘంలో ఐదుగురు సరిపోతారు. ప్రిన్సిపాల్ లేదా ఆయన పంపిన అధ్యాపకుడు, రిటైరైన పాత మాస్టారు ఒకరు, వేర్వేరు దశాబ్దాల్లో చదివిన పూర్వ విద్యార్థులు ఇద్దరు, కాలేజీతో ఏ సంబంధమూ లేని బయటి వ్యక్తి ఒకరు. సంఘం అధ్యక్ష కార్యదర్శులు ఇందులో ఉండకూడదు. సభ్యుల పేర్లు గాని, వాళ్ల దగ్గరి బంధువుల పేర్లు గాని పరిశీలనకు రాకూడదు. వస్తే ఆ సభ్యుడు తప్పుకోవాలి, తప్పుకున్నట్టు మినిట్స్‌లో రాయాలి.

దరఖాస్తుకు 45 రోజుల గడువు ఇవ్వండి. అందులో చదివిన సంవత్సరాలు, గ్రూపు, ప్రతిపాదించినవారు, బలపరిచినవారు, చేసిన పనిపై 300 మాటలకు మించని వివరం, రుజువులు ఉంటే చాలు. పద్మ అవార్డులకే 800 మాటల పరిమితి ఉంది, మనకు 300 ఎక్కువే. వచ్చిన ప్రతి పేరునూ అడ్మిషన్ రిజిస్టర్‌తో, టీసీల పుస్తకంతో సరిచూడండి. మధ్యలో చదువు మానేసినవారూ, ఒక్క ఏడాదే చదివి వెళ్లినవారూ పూర్వ విద్యార్థుల కిందికి వస్తారా రారా అన్నది ముందే తేల్చుకోండి. ఎక్కువ గొడవలు ఇక్కడే పుడతాయి. పేరున్న మనిషి ఒక్క టర్మ్ చదివినా 'మావాడే' అనాలని అందరికీ ఉంటుంది మరి.

సేవ విభాగానికి మార్కులు ఇలా పెట్టుకోవచ్చు: ఎన్నేళ్లుగా చేస్తున్నారు అన్నదానికి 30, ఎంతమందికి ఎంత లోతుగా మేలు జరిగిందన్నదానికి 30, డబ్బిచ్చి ఊరుకున్నారా స్వయంగా నిలబడి చేశారా అన్నదానికి 20, రుజువుకు 20. ఐదుగురూ ఎవరింట్లో వాళ్లు కూర్చుని మార్కులు వేసి, కవరు అంటించి తేవాలి. ఒకచోట కూర్చుని వేస్తే పెద్దాయన వేసిన అంకె చుట్టూనే అందరి అంకెలూ తిరుగుతాయి. ఇద్దరి మార్కుల మధ్య 25 దాటి తేడా ఉన్న పేర్లనే చర్చకు పెట్టండి. మార్కులు బయట పెట్టొద్దు, ఎంపికైనవారి పేర్లే చెప్పండి. ప్రకటించే ముందు వాళ్లకు ఫోన్ చేసి ఒప్పుకుంటారా అని అడగండి. అవార్డు వద్దనేవాళ్లూ ఉంటారు, ఆ సంగతి పత్రికలో పేరు వచ్చాక తెలిస్తే ఇద్దరికీ ఇబ్బందే.

ప్ర: ఒక పూర్వ విద్యార్థి తరగతి గదికి ఐదు లక్షలు ఇస్తానంటున్నారు. 'విశిష్ట పూర్వ విద్యార్థి' అవార్డు ఇవ్వాలని మధ్యవర్తి చేత చెప్పించారు. ఏం చేయాలి?
– కోశాధికారి, జగిత్యాల

జ: విరాళం తీసుకోండి, అవార్డు ఇవ్వొద్దు. దాతకు దక్కాల్సిన మర్యాద వేరే ఉంది: రసీదు, దాతల బోర్డు మీద పేరు, గది తలుపు పక్కన రాతిపలక, వార్షిక నివేదికలో ఒక పేరా. 'గత 12 నెలల్లో విరాళం ఇచ్చినవారినీ, ఇస్తామని మాటిచ్చినవారినీ సేవ, వృత్తి విభాగాల్లో పరిశీలించం' అని నియమావళిలో ఒక వాక్యం ఉంటే మీరు ఎవరికీ ఎదురు చెప్పక్కర్లేదు. నియమం ఉందండీ అంటే సరిపోతుంది.

మీది ప్రభుత్వ కాలేజీ అయితే గదికో భవనానికో పేరు పెట్టే అధికారం సంఘానికి ఉండదు. ప్రిన్సిపాల్ ద్వారా పై అధికారుల అనుమతి రాతపూర్వకంగా తెప్పించాకే దాతకు మాటివ్వండి. గది కట్టాక సున్నం, ఫ్యాన్లు, కరెంటు ఖర్చు ఎవరిదో కూడా ఒప్పందంలో రాయండి.

కాలేజీకి తిరిగి ఇవ్వడమంటే డబ్బొక్కటే కాదు. పదేళ్లుగా ప్రతి శనివారం వచ్చి తెలుగు మీడియం పిల్లలకు ఇంగ్లిష్ చెప్పి వెళ్లే బ్యాంకు గుమాస్తా ఈ విభాగంలో ఐదు లక్షల దాత కంటే ముందు నిలవాలి. ఇది మా అభిప్రాయం.

ప్ర: అమెరికాలో ఉన్న మా బ్యాచ్ వాళ్లు సంఘం ఖాతాకు డబ్బు పంపుతామంటున్నారు. నేరుగా వేయించుకోవచ్చా?
– సంఘం అధ్యక్షుడు, గుంటూరు

జ: పంపేవారి పాస్‌పోర్టు ఏ దేశానిదన్నదాని మీద ఉంటుంది. భారత పాస్‌పోర్టు ఉన్న ప్రవాసి తన సొంత సంపాదన లోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. గ్రీన్ కార్డు ఉన్నా పౌరసత్వం మనదే కాబట్టి ఇదే వర్తిస్తుంది. పాస్‌పోర్టు నకలు, 'నా సొంత డబ్బు' అన్న లేఖ తీసుకుని ఫైల్లో పెట్టండి.

అమెరికా పౌరసత్వం తీసుకున్నవారి డబ్బు, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చేది) ఉన్నా సరే, విదేశీ విరాళమే. అక్కడ రిజిస్టరైన సంస్థ పంపినా అంతే. అప్పుడు 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, అంటే ఎఫ్‌సీఆర్‌ఏ, వర్తిస్తుంది. కేంద్ర హోం శాఖ రిజిస్ట్రేషన్ గాని ముందస్తు అనుమతి గాని లేకుండా పైసా కూడా తీసుకోకూడదు. రిజిస్ట్రేషన్‌కు సంఘానికి కనీసం మూడేళ్ల వయసు ఉండాలి, ఆ మూడేళ్లలో లక్ష్యాల మీద 15 లక్షల రూపాయలు ఖర్చు చేసి ఉండాలి. అంత లేనివారు ఒక దాత, ఒక పని, ఇంత మొత్తం అని చూపించి ముందస్తు అనుమతి అడగొచ్చు. ఏ దారిలో వెళ్లినా డబ్బు మొదట దిగాల్సింది ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలో తెరిచిన ఎఫ్‌సీఆర్‌ఏ ఖాతాలోనే. ఊళ్లోని మీ ఖాతాలో కాదు.

రెండు అడ్డదారులు తరచూ కనిపిస్తాయి. ఒకటి, అక్కడ ఒకరు అందరి డబ్బూ పోగుచేసి ఇక్కడి వాళ్లమ్మగారి ఖాతాకు పంపడం, ఆమె సంఘానికి చెక్కు ఇవ్వడం. రెండోది, ఎఫ్‌సీఆర్‌ఏ ఉన్న వేరే సంస్థ ద్వారా మళ్లించడం. అలా ఒక సంస్థ నుంచి మరో సంస్థకు మార్చడాన్ని 2020 సవరణ పూర్తిగా ఆపేసింది. రెండూ చేయొద్దు.

మీ ఊరి ఉదాహరణే ఉంది కదా. గుంటూరు మెడికల్ కాలేజీ పూర్వ విద్యార్థుల ఉత్తర అమెరికా సంఘం జింకానా గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో మాతా శిశు విభాగం భవనాన్ని చేపట్టింది. పెద్ద పని తలపెట్టేవారు కాగితాల కోసమే కొన్ని నెలలు పక్కన పెట్టుకోవాలి.

ప్ర: ఇక్కడి దాతలు పన్ను మినహాయింపు అడుగుతున్నారు.
– సభ్యురాలు, ఖమ్మం

జ: సంఘం ఆదాయానికి మినహాయింపు ఇచ్చే 12ఏ, దాతకు మినహాయింపు ఇచ్చే 80జీ, ఈ రెండు రిజిస్ట్రేషన్లూ సంఘానికి ఉండాలి. నగదుగా ఇచ్చినది 2,000 రూపాయలు దాటితే మినహాయింపు లేదు కాబట్టి చెక్కు, యూపీఐ మేలు. కుర్చీలు, కంప్యూటర్లు లాంటి వస్తువులు ఇస్తే అసలు రాదు. దాతల పాన్ నంబర్లతో ఏటా మే 31లోగా విరాళాల వివరాల ఫారం 10బీడీ దాఖలు చేసి, దాతలకు 10బీఈ సర్టిఫికెట్ ఇవ్వాలి. సంఘం రసీదు ఒక్కటే చాలదు. కొత్త పన్ను విధానం ఎంచుకున్నవారికి 80జీ వర్తించదని ముందే చెప్పండి, లేకపోతే తర్వాత మిమ్మల్నే అడుగుతారు. పైన చెప్పినవి పాత చట్టం నాటి నంబర్లు. 2025 ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు కాబట్టి ఆ తేదీ నుంచి సెక్షన్ల, ఫారాల నంబర్లు వేరు. ఆడిటర్‌తో ఒకసారి సరిచూసుకోండి.

ప్ర: సన్మాన పత్రం రాయాల్సిన పని నా మీద పడింది. పాత పత్రాలన్నీ ఒకేలా ఉన్నాయి. ఎలా రాయాలి?
– తెలుగు అధ్యాపకురాలు, పాలకొల్లు

జ: 'బహుముఖ ప్రజ్ఞాశాలి, స్నేహశీలి, నిగర్వి, తమ రంగంలో విశేష కృషి సల్పి...' పేరు మారిస్తే ఎవరికైనా సరిపోయే ఈ మాటలన్నీ కొట్టేయండి. మిగిలినదే పత్రం. నమూనాకు ఇలా: 'మీరు 1984–87 బీఎస్సీ విద్యార్థి. పశువైద్యుడిగా చేరిన తొలి ఏడాదే ఆదివారాల్లో రుసుము లేకుండా పశువుల్ని చూడడం మొదలుపెట్టారు. 22 ఏళ్లుగా ఆ ఆదివారం తప్పలేదు.' ఇందులో పొగిడే విశేషణం ఒక్కటీ లేదు, అయినా చదువుతుంటే హాలు నిశ్శబ్దంగా వింటుంది.

పత్రం 150 మాటలు దాటొద్దు. రాసినది ఎంపికైనవారికి పంపి, సంవత్సరాలూ ఉద్యోగాల పేర్లూ ఇంటిపేరూ సరిచూపించుకోండి. ఆ తర్వాత అసలు ప్రమాదం డీటీపీ సెంటర్లో ఉంటుంది. మీరు ఫోన్లో టైపు చేసినది యూనికోడ్. అక్కడి ఆపరేటర్ యూనికోడ్ కాని అనూ ఫాంట్లలో పని చేస్తుంటే అది పిచ్చిగీతల్లా కనిపిస్తుంది. ఆయన మళ్లీ టైపు చేస్తాడు, ఒత్తులూ దీర్ఘాలూ అక్కడ పోతాయి. ఫ్రేము కట్టించే ముందు కాగితం మీద ప్రింటు తీయించి, టైపు చేయని మనిషి చేత పైకి చదివించండి. తెర మీద చూసి సరే అనొద్దు. పేరు ముందు డాక్టర్, శ్రీమతి, ఇనిషియల్స్ వరస మరోసారి చూడండి. పత్రమంతా బాగుండి పేరు తప్పుపడితే ఆ ఫ్రేము అటక మీదికే.

ప్ర: పోయినసారి పన్నెండు మందిని సన్మానించడానికి నాలుగు గంటలు పట్టింది. చివరికి హాలు ఖాళీ.
– సంఘం సభ్యుడు, సిద్దిపేట

జ: లెక్క వేద్దాం. 150 మాటల పత్రం చదవడానికి నిమిషంన్నర, వేదిక ఎక్కడానికి అర నిమిషం, శాలువా, జ్ఞాపిక, ఫొటోకు ఒక నిమిషం, స్పందనకు రెండు నిమిషాలు. మనిషికి ఐదు నిమిషాల చొప్పున పన్నెండు మందికి గంట. మిగతా మూడు గంటలు తిన్నది వేదిక మీది పెద్దలు. ఒక్కొక్కరినీ పిలిచి, బొకే ఇచ్చి, ప్రసంగానికి మైకు ఇస్తే అంతే. వేదిక మీద ఐదు కుర్చీలే వేయండి. ఒక్కో అవార్డు విభాగానికి ఒక్కరి స్పందనే పెట్టినా తప్పులేదు.

శాలువాల ప్లాస్టిక్ కవర్లు, గుండుసూదులు ముందు రోజే తీసేసి, మడతలు విప్పి, పిలిచే వరసలో పళ్లెంలో పేర్చండి. వేదిక మీద ముఖ్య అతిథి కవరుతో కుస్తీ పట్టే దృశ్యం ప్రతి సభలోనూ ఉంటుంది. ఎక్కేది ఒక వైపు నుంచి, దిగేది మరో వైపు నుంచి. తర్వాతి ఇద్దరు మెట్ల దగ్గర కుర్చీల్లో సిద్ధంగా ఉండాలి. వయసు పైబడినవారికి మెట్లకు చేతిపట్టు లేకపోతే మీరే దిగి వెళ్లి వాళ్ల కుర్చీ దగ్గరే సన్మానించండి. విదేశాల నుంచి వచ్చినవారికి బరువైన గాజు జ్ఞాపిక ఇస్తే అది బంధువుల ఇంట్లోనే ఉండిపోతుంది.

ప్ర: మా క్లాస్‌మేట్ ఇప్పుడు కేంద్ర ప్రభుత్వంలో పెద్ద అధికారి. అవార్డుతో పాటు 25,000 రూపాయలు ఇవ్వాలనుకున్నాం. ఆయన తటపటాయిస్తున్నారు.
– 1991 బ్యాచ్ తరఫున, కర్నూలు

జ: ఆయన తటపటాయించడం న్యాయమే. 1964 కేంద్ర సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమాల్లో 14వ నియమం ప్రకారం, ఉద్యోగంలో ఉన్నవారు ముందస్తు అనుమతి లేకుండా తమ గౌరవార్థం జరిగే సభలో పాల్గొనకూడదు, ప్రశంసా పత్రం తీసుకోకూడదు. ఐఏఎస్, ఐపీఎస్‌లకూ, రాష్ట్ర ఉద్యోగులకూ వేరే నియమాలు ఇలాంటివే ఉన్నాయి. నగదు మాట మర్చిపోండి. ఆయన్ను వక్తగా పిలిచి పిల్లలతో మాట్లాడించండి. సన్మానం రిటైరయ్యాక చేయొచ్చు. ఇప్పుడే చేయాలనుకుంటే ఆహ్వానం రెండు మూడు నెలల ముందు లిఖితపూర్వకంగా పంపండి, అనుమతి ఆయనే అడుగుతారు.

ప్ర: మా జాబితాలో ఆడవాళ్లు నలుగురే తేలారు. క్లాసులో సగం మంది అమ్మాయిలే ఉండేవాళ్లం!
– 1998 బ్యాచ్, విజయనగరం

జ: వాళ్లు లేక కాదు, దొరక్క. పెళ్లయ్యాక ఇంటిపేరు, ఊరు, ఫోన్ నంబరు మారతాయి. బ్యాచ్ వాట్సాప్ గ్రూపు కట్టేది సాధారణంగా మగపిల్లలే, వాళ్ల దగ్గర ఉన్న నంబర్లే అందులోకి వస్తాయి. అడ్మిషన్ రిజిస్టర్ తీసి పుట్టింటి ఇంటిపేరు, తండ్రి పేరు, ఊరు రాసుకోండి. ఆ ఊరి పోస్ట్‌మ్యాన్, పాత హాస్టల్ వార్డెన్, ఆ ఊరి నుంచే వచ్చిన జూనియర్లు, ఈ ముగ్గురినీ అడిగితే చాలామంది దొరుకుతారు. ఒకరు దొరికితే 'మీ బెంచీలో ఇంకెవరు కూర్చునేవారు?' అని అడగండి. దరఖాస్తు ఫారంలో 'చదివేటప్పటి పేరు' అని ఒక గడి వేరుగా పెట్టండి.

ప్ర: మాస్టారి పేరిట గోల్డ్ మెడల్ పెట్టడానికి లక్ష రూపాయలు చాలుతాయా?
– పాత విద్యార్థి, మదనపల్లె

జ: చాలవు. ఆరున్నర శాతం వడ్డీ వేసుకున్నా ఏడాదికి 6,500 వస్తుంది. వడ్డీ అక్కడే ఉంటుంది, బంగారం ధర ఉండదు. మూడు లక్షలు వేస్తే 19,500 వస్తుంది, అందులో పావు వంతు, 4,875 రూపాయలు, తిరిగి అసలులో కలిపితే ఖర్చుకు 14,625 మిగులుతుంది. నిధి ఏర్పాటు పత్రంలో 'బంగారు పూత పూసిన వెండి పతకం' అని రాయించండి, ఉత్త 'గోల్డ్ మెడల్' అని రాస్తే పదేళ్ల తర్వాత చిక్కు. మొత్తాన్ని మూలనిధిగా ఉంచాలని దాత రాతపూర్వకంగా చెప్పాలి. డిపాజిట్ మీద సంతకాలు పదవుల పేరుతో ఉండాలి గాని మనుషుల పేరుతో కాదు, లేకపోతే ప్రిన్సిపాల్ బదిలీ అయినప్పుడు వడ్డీ తీయడం ఆగిపోతుంది.