మండువా ఇంట్లో రాత్రి ఉండేముందు

అమ్మడూ,

శ్రావణంలో వస్తున్నారని, రాజోలు వైపు పాత మండువా లోగిలిలో ఒక రాత్రి ఉంటారని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. అలాంటి ఇల్లు చూడాల్సింది వానలోనే. నాలుగు వైపుల పెంకుల మీంచి నీళ్లు జారి నడిమధ్యన పైకప్పు లేని మండువాలో పడుతుంటే ఇల్లంతా ఆ చప్పుడే.

గది అడిగేటప్పుడు మండువాలోకి తలుపు తెరుచుకునే గదే కావాలని ఫోన్లోనే గట్టిగా చెప్పు. కొన్నిచోట్ల పెరట్లో కొత్తగా కట్టిన ఏసీ గది ఇస్తారు, దానికోసం ఇంత దూరం రానక్కర్లేదు. బాత్రూమ్ గదికి ఆనుకుని ఉందో లేదో కూడా కనుక్కో, చంటాడితో వానలో పెరట్లోకి నడవాలంటే కష్టం.

మండువా చుట్టూ గచ్చు తడిస్తే జారుతుంది. నేనొకసారి పాలకొల్లు దగ్గర చుట్టాలింట్లో తెల్లవారుజామున లైటు వేయకుండా లేచి, అంచున కాలు జారి పడ్డాను. చీలమండ బెణికి నెల రోజులు మంచం మీదే ఉన్నాను. టార్చి దిండు కిందే పెట్టుకో. గుమ్మాలు పొట్టిగా, గడపలు ఎత్తుగా ఉంటాయి, అల్లుడుగారిని చూసుకుని నడవమను.

రాత్రి పైన టక్కుమని చప్పుడైతే టెన్షన్ పడకండి. ఎండకీ తడికీ కలప ఉబ్బుతూ ముడుచుకుంటూ ఉంటుంది, అంతే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలవలు పారాక, వరి మీద నాలుగు డబ్బులు కూడబెట్టుకున్న కుటుంబాలు తర్వాత తర్వాత కట్టుకున్న ఇళ్లు కదా ఇవి, దూలాలకీ స్తంభాలకీ బర్మా టేకు తెప్పించుకున్నవాళ్లు చాలామంది. టేకులో నూనె ఉంటుంది కాబట్టి చెద అంత తేలిగ్గా పట్టదు. నిప్పుకి మాత్రం ఏ కలపైనా ఒకటే. మంచం కింద దోమల చక్రం వెలిగించొద్దు, దోమతెర అడుగు. నీళ్లు కాచుకునే హీటరు కూడా పాత వైరింగులో పెట్టొద్దు, వేణ్ణీళ్లు కావాలంటే వాళ్లే కాచి ఇస్తారు.

సాయంత్రం ఫోను పక్కన పెట్టి వీధి అరుగు మీద ఆ ఇంటి పెద్దావిడ పక్కన కూర్చో. 1996 నవంబరు 6 తుఫాను రాత్రి ఎక్కడ తలదాచుకున్నారో అడుగు. మా ఇంట్లో సగం పెంకులు ఎగిరిపోయాయి, పిల్లల్ని మధ్యలో పెట్టుకుని మూలగదిలో తెల్లారేదాకా కూర్చున్నాం, దూలాలు మాత్రం కదల్లేదు. ఆవిడ చెప్పేదాని ముందు ఫొటోలు ఏపాటివి? దేవుడి గది మాత్రం అడక్కుండా ఫొటో తీయకు. రాత్రి ఎంతమంది భోంచేస్తారో మధ్యాహ్నానికే చెప్పేయ్, ఆ వయసులో ఆవిడ పొయ్యి దగ్గర హడావుడి పడకూడదు.

శ్రావణం అంటే వరద కాలం కూడా. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులకి మొదటి హెచ్చరిక, 13 లక్షలకి రెండోది వేస్తారు. మొదటిది వేశారని వింటే బయల్దేరకముందే ఆ ఇంటివాళ్లని అడుగు, దారిలో ఎక్కడైనా నీళ్లొచ్చాయేమో వాళ్లకే తెలుస్తుంది. రెండోది వేస్తే మాత్రం రావొద్దు, టికెట్ డబ్బులు పోతే పోనీ. రైలెక్కేముందు నాకొక ఫోన్ చెయ్యి.

మీ పెద్దమ్మ