హైబ్రిడ్ కారు లాగుడులో పెట్రోల్ కారుకు సాటి వస్తుందా?

హైబ్రిడ్, అంటే పెట్రోల్ ఇంజిన్‌తో పాటు ఎలక్ట్రిక్ మోటారూ ఉండే కారు, మైలేజీకే గానీ బంజారాహిల్స్ ఎత్తుల్లో లాగదేమో అన్నది మీ అనుమానం. నిజానికి దాని బలమంతా అక్కడే కనిపిస్తుంది.

టయోటా ఇన్నోవా హైక్రాస్‌నే చూడండి. దాని మామూలు పెట్రోల్ రకంలో 2 లీటర్ల ఇంజిన్ 174 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత) పవర్ ఇస్తుంది. కానీ చక్రాలను తిప్పే బలాన్ని టార్క్ అంటారు; ఆ ఇంజిన్ పూర్తి టార్క్, దాదాపు 205 న్యూటన్ మీటర్లు, అందాలంటే ఇంజిన్ నిమిషానికి సుమారు 4,500 చుట్లు తిరగాలి. హైబ్రిడ్‌లోని మోటారు 206 న్యూటన్ మీటర్లను బండి కదిలిన క్షణం నుంచే ఇస్తుంది. అమీర్‌పేట సిగ్నల్ పడగానే, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఆ తేడా కాలి కింద తెలుస్తుంది.

చాలామంది పొరబడేది లెక్క దగ్గర. హైబ్రిడ్ ఇంజిన్ 152, మోటారు 113, కలిపితే 265 అనుకుంటారు. కంపెనీ చెప్పే మొత్తం మాత్రం 186 పీఎస్. ఎందుకంటే రెండూ ఒకే వేగం దగ్గర గరిష్ఠ పవర్ ఇవ్వవు; పైగా మోటారుకు అందే కరెంటుకు బ్యాటరీ సామర్థ్యమే హద్దు. టార్క్‌నూ అలా కూడకూడదు.

ఔటర్ రింగ్ రోడ్డుపై నిలకడగా వేగంగా వెళ్లేటప్పుడు భారం ఎక్కువగా ఇంజిన్ మీదే పడుతుంది, అక్కడ తేడా తగ్గిపోతుంది. రోజూ సిటీ ట్రాఫిక్కే అయితే నేను హైబ్రిడ్‌నే తీసుకోమంటాను.