క్రూజ్ బుకింగ్: ఏజెంట్‌కి ఇవ్వాలా, మనమే చేసుకోవాలా?

"అన్నా, వచ్చే నెల అమ్మానాన్న వస్తున్నారు. ఒక్కసారి పెద్ద ఓడ ఎక్కించాలని ఉంది. ఏజెంట్‌కి చెప్పమంటారా, కంపెనీ సైట్‌లో నేనే బుక్ చేసేయనా?" డాలస్‌కి వచ్చి ఏడాదిన్నర అయిన ఒక తమ్ముడు మొన్న గుడిలో ప్రసాదం తింటూ అడిగాడు. నిలబడి చెప్పే జవాబు కాదు, సాయంత్రం ఇంటికి రమ్మన్నాను. వచ్చేటప్పుడు పాస్‌పోర్టు, ఉద్యోగ వీసా హోదా ఆమోదించినట్టు అమెరికా ప్రభుత్వం ఇచ్చే ఐ-797 కాగితం కూడా తెచ్చుకోమన్నాను. టికెట్‌కీ దానికీ ఏం సంబంధం అన్నట్టు చూశాడు. ఆ సంబంధం కాస్త ముందుకెళ్ళాక చెబుతాను.

ముందు డబ్బు సంగతి. మధ్యలో మనిషి ఉన్నాడంటే వాడి వాటా మన నెత్తినే పడుతుందని మనకి చిన్నప్పటి నుంచి ఉన్న లెక్క. పొలం కొన్నా, ఇల్లు అద్దెకు తీసుకున్నా చూసింది అదే కదా. క్రూజ్‌లో ఆ లెక్క పనిచేయదు. ఏజెంట్‌కి కమిషన్ ఇచ్చేది ఓడ కంపెనీ. టికెట్ ధరలో సుమారు పది శాతం నుంచి మొదలవుతుంది, పోర్టు ఫీజులకీ పన్నులకీ ఆ కమిషన్ రాదు. మీరు నేరుగా కొన్నంత మాత్రాన ఆ పది శాతం మీకు తగ్గించి ఇవ్వరు. అందుకే ఒకే రోజు, ఒకే గదికి రెండు చోట్లా చూస్తే ధర చాలావరకు ఒకటే ఉంటుంది. పైగా కొందరు ఏజెంట్లు తమ కమిషన్‌లోంచి కొంత, ఓడలో ఖర్చు పెట్టుకునే క్రెడిట్‌గా మీకే ఇస్తారు. కాస్ట్‌కో స్టోర్ల వాళ్ళ కాస్ట్‌కో ట్రావెల్‌లో బుక్ చేస్తే చాలా క్రూజ్‌లకి డిజిటల్ షాప్ కార్డు, అంటే ఆ స్టోర్‌లో వాడుకునే గిఫ్ట్ కార్డు లాంటిది, వస్తుంది. మన ఇళ్ళలో ఆ మెంబర్‌షిప్ లేనిది ఎక్కడ? ధర పోల్చేటప్పుడు దాన్ని కూడా లెక్కలో వేసుకోండి. కొందరు ఏజెంట్లు విడిగా ప్లానింగ్ ఫీజు తీసుకుంటారు. ఆ మాట మొదటి ఫోన్‌లోనే అడిగేయండి, మొహమాటం వద్దు.

ధర ఒకటే అయితే తేడా ఎక్కడ? బుకింగ్ ఎవరి చేతిలో ఉందన్న దగ్గర. ఏజెంట్ ద్వారా చేస్తే మార్పులు, రద్దు, రీఫండ్ అన్నీ అతని ద్వారానే జరగాలి. మీరు కంపెనీకి ఫోన్ చేస్తే "మీ ఏజెంట్‌తో చేయించండి" అంటారు. ఏజెంట్ మంచివాడైతే ఇది వరం, గంటసేపు ఫోన్ పట్టుకుని ఎదురుచూసే పని అతనిది. ఫోన్ ఎత్తనివాడైతే అంతకంటే నరకం లేదు. నాకు ఇది అనుభవం.

2014లో మా అమ్మానాన్నలతో కలిసి టెక్సాస్‌లోని గాల్వెస్టన్ పోర్టు నుంచి క్రూజ్‌కి వెళ్ళాం. తెలిసినవాళ్ళకి తెలిసిన ఒకతను ఇంట్లోంచే టికెట్లు చేస్తాడంటే రెండు గదులకి డబ్బు అతని పేరు మీదే చెక్కు రాసిచ్చాను. జులైలో ప్రయాణం. మార్చిలో ఒకరాత్రి ఊరికే సైట్ తెరిచి చూస్తే అదే గది 170 డాలర్లు తగ్గింది. ఫైనల్ పేమెంట్ గడువు లోపల ధర తగ్గితే చాలా కంపెనీలు కొత్త ధరకి మారుస్తాయి. అడగాలి, అంతే. కంపెనీకి ఫోన్ చేశాను. అవతలి అమ్మాయి చాలా మర్యాదగా, మీ ఏజెంటే ఫోన్ చేయాలండీ అంది. ఆయనేమో చెల్లెలి పెళ్ళికి ఇండియా వెళ్ళి ఉన్నాడు. పన్నెండు రోజుల తర్వాత ఫోన్ ఎత్తాడు. అప్పటికి గడువూ దాటింది, ధరా పెరిగింది.

డబ్బు పోతే పోయింది. ఎక్కే రోజు జరిగింది మాత్రం ఇప్పటికీ మర్చిపోలేను. అమ్మ పాస్‌పోర్టులో పేరు వెంకట సత్యవతి. అందరం పిలిచేది సత్య. ఏజెంట్ బుకింగ్‌లో ఆ పిలుపు పేరే రాసేశాడు. నేనూ చూసుకోలేదు, తప్పులో సగం నాది. కౌంటర్‌లో ఉన్నావిడ పాస్‌పోర్టుని స్క్రీన్ పక్కన పెట్టి, వేలితో ఒక్కో అక్షరం చదివి, సూపర్‌వైజర్‌ని పిలిచింది. నలభై నిమిషాలు. అమ్మ హ్యాండ్‌బ్యాగ్ ఒళ్ళో పెట్టుకుని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, "నన్ను రానివ్వరేమో, మీరెళ్ళిరండి నాన్నా" అంది. చివరికి ఎక్కించారు. ఓడ ఎక్కాక కూడా ఆవిడ చేతులు చల్లగానే ఉన్నాయి.

మన పేర్లతో ఈ గొడవ ఎప్పుడూ ఉంటుంది. ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్న పాత పాస్‌పోర్టులు పెద్దవాళ్ళకి ఇంకా ఉన్నాయి. అలాంటివాళ్ళ అమెరికా వీసా మీద మొదటి పేరు చోట ఎఫ్‌ఎన్‌యూ, అంటే మొదటి పేరు తెలియదు అని వస్తుంది. కొందరికి తండ్రి పేరే ఇంటిపేరు గడిలో ఉంటుంది. ఎవరు బుక్ చేసినా సరే, పేరు నోటితో చెప్పకండి, పాస్‌పోర్టు పేజీ ఫొటో చూస్తూ ఎక్కించమనండి. వాళ్ళు పంపిన ఇన్వాయిస్‌ని పాస్‌పోర్టు పక్కన పెట్టుకుని మీరే సరిచూడండి.

ఇప్పుడు ఐ-797 సంగతి. ఏజెంట్ అయినా, కంపెనీ అయినా మీ వీసా బాధ్యత తీసుకోరు. కాగితాలు సరిగా ఉంచుకోవడం ప్రయాణికుడి పని అని వాళ్ళ నియమాల్లోనే రాసి ఉంటుంది. చాలామంది ఏజెంట్లకి అమెరికన్ పౌరుల లెక్కే తెలుసు. బయల్దేరిన పోర్టుకే తిరిగొచ్చే క్రూజ్‌కి వాళ్ళకి బర్త్ సర్టిఫికెట్, ప్రభుత్వ ఐడీ చాలు. అదే మాట మనకీ చెప్పేస్తారు. మనకి అది వర్తించదు. ఓడ మెక్సికోలోని కోజుమెల్‌లో ఆగిందంటే మీరు అమెరికా దాటినట్టే, తిరిగి రావడం కొత్తగా ప్రవేశించడం కిందే లెక్క. హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్ళకి పాస్‌పోర్టు, చెల్లుబాటులో ఉన్న వీసా స్టాంపు, ఐ-797 చేతిలో ఉండాలి.

స్టాంపు గడువు దాటినవాళ్ళు ఆటోమేటిక్ రీవాలిడేషన్ అనే మాట విని ధైర్యం చేస్తుంటారు. ముప్పై రోజుల లోపు వెళ్ళొస్తే పాత స్టాంపుతోనే రానిచ్చే వెసులుబాటు అది. కానీ హెచ్-1బీకి అది కెనడా, మెక్సికోలకి మాత్రమే. ఎఫ్-1 (విద్యార్థి), జె-1 (ఎక్స్ఛేంజ్) వీసాల వాళ్ళకి క్యూబా మినహా పక్కనున్న ద్వీపాలకి కూడా ఉంటుంది. రూమ్మేట్ ఎఫ్-1 మీద బహామాస్ వెళ్ళొచ్చాడు కదా అని హెచ్-1బీ మీద మీరు వెళ్తే తిరిగి రావడం కుదరదు. గాల్వెస్టన్ నుంచి వెళ్ళే ఏడు రాత్రుల ఓడలు కోజుమెల్‌తో పాటు గ్రాండ్ కేమన్, జమైకా, హోండురాస్‌లో రోవటాన్ లాంటి చోట్ల ఆగుతుంటాయి. మెక్సికో కాని పోర్టు ఒక్కటి ఉన్నా హెచ్-1బీకి పాత స్టాంపు పనికిరాదు. మెక్సికో ఒక్కటే ఉన్నా సరే, పాత స్టాంపుతో వెళ్ళే ముందు మీ అటార్నీని అడగండి. ఓడ కంపెనీ కౌంటర్‌లో ఉన్నవాళ్ళకి ఈ నియమం తెలియక ఆపేస్తే అక్కడ వాదించే సమయం ఉండదు.

అలాస్కా సంగతి ఇంకో రకం. సియాటిల్‌లో ఎక్కి, సియాటిల్‌లోనే దిగుతాం, అలాస్కా అమెరికాలోదే, ఇంక వీసా గొడవేముంది అనుకుంటారు. 1886 నాటి ఒక చట్టం ప్రకారం విదేశీ జెండా ఉన్న ఓడలు అమెరికా పోర్టుల మధ్యే జనాన్ని తిప్పకూడదు, దారిలో ఏదో ఒక విదేశీ పోర్టులో ఆగాలి. అందుకే ఆ ఓడలు సాధారణంగా కెనడాలోని విక్టోరియాలో, అదీ చాలాసార్లు చివరి సాయంత్రం, కొద్ది గంటలు ఆగుతాయి. భారత పాస్‌పోర్టుకి కెనడా విజిటర్ వీసా కావాలి. "మేం దిగంలే, ఓడలోనే కూర్చుంటాం" అంటే కంపెనీలు ఒప్పుకోవు, సియాటిల్‌లోనే ఆపేస్తారు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకి కెనడా వీసా అక్కర్లేదు, పాస్‌పోర్టు, కార్డు చాలు. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకి మాత్రం కావాలి. వేలిముద్రలు, పాస్‌పోర్టు పంపడం, ఎదురుచూడటం అన్నీ ఉంటాయి కాబట్టి అలాస్కా అనుకుంటే నెలల ముందే మొదలుపెట్టండి.

నా అభిప్రాయం అడిగితే, భార్యాభర్తలిద్దరే, నాలుగైదు రాత్రులు, కారులో పోర్టుకి వెళ్ళిరావడం, కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి అంటే నేరుగా కంపెనీ సైట్‌లోనే చేసుకోండి. ధర తగ్గినా, గది మార్చుకోవాలన్నా మీరే ఫోన్ చేసుకోవచ్చు. పెద్దవాళ్ళు ఉన్నారు, విమానాలు ఉన్నాయి, మూడు నాలుగు కుటుంబాలు కలిసి వెళ్తున్నాయి, వీల్‌చైర్ కావాలి అంటే మంచి ఏజెంట్ దగ్గరికి వెళ్ళండి. డెక్ మ్యాప్ చూసి, వికారం వచ్చేవాళ్ళకి ఓడ మధ్యలో కింది అంతస్తు గది ఇప్పించడం, బఫే కింద పడే గది తప్పించడం, లిఫ్ట్ దగ్గర చూడటం, కాయగూరల భోజనం ముందే రాయించడం అలవాటున్నవాళ్ళు చేసే పనులు. సైట్‌లో చవగ్గా కనిపించే గ్యారంటీ గది తీసుకుంటే గది నంబరు కంపెనీ ఇష్టం. మోకాళ్ళ నొప్పులున్న అత్తగారిని లిఫ్ట్‌కి ఆ చివర పడేసే అవకాశం ఉంది. ఎనిమిది గదులు గానీ, అంతకంటే ఎక్కువ గానీ అయితే చాలా కంపెనీల్లో గ్రూప్ కింద లెక్క, పదహారు మందికి ఒకరి ఛార్జీ వెనక్కి వస్తుంది. సంక్రాంతికో, థాంక్స్‌గివింగ్‌కో అందరూ కలిసి వెళ్ళేవాళ్ళు అది తప్పకుండా అడగండి.

ఇప్పటికే నేరుగా బుక్ చేసేసి, తర్వాత ఏజెంట్ ఉంటే బాగుండేది అనిపిస్తే, పూర్తి డబ్బు కట్టకముందు, మొదటి కొన్ని వారాల్లో బుకింగ్‌ని ఏజెంట్‌కి మార్చనిచ్చే కంపెనీలు ఉన్నాయి. ఆలస్యం చేయకుండా అడగండి.

ఏజెంట్‌ని ఎంచుకునేటప్పుడు తెలుగువాడా, మన ఊరివాడా అన్నది ఒక్కటే చూడకండి. నేను చేసిన తప్పు అదే. కాలిఫోర్నియా, ఫ్లోరిడా, వాషింగ్టన్, హవాయి రాష్ట్రాల్లో ప్రయాణాలు అమ్మేవాళ్ళు రిజిస్టర్ చేసుకోవాలి. ఆ నంబరు అడగండి. మీరు ఊళ్ళో లేనప్పుడు నా బుకింగ్ ఎవరు చూస్తారు అని అడగండి. మరీ ముఖ్యం, డబ్బు. బ్యాంకు ఖాతా నుంచి నేరుగా డబ్బు పంపే జెల్ (Zelle) వద్దు, చెక్కు వద్దు. క్రెడిట్ కార్డే ఇవ్వండి, స్టేట్‌మెంట్‌లో ఓడ కంపెనీ పేరే రావాలి. ఏజెంట్ పేరు మీద పడితే మీ డబ్బు కంపెనీకి చేరిందో లేదో మీకు తెలియదు. కార్డు మీద అయితే తేడా వచ్చినప్పుడు, స్టేట్‌మెంట్ వచ్చిన 60 రోజుల లోపు బ్యాంకుకి రాసి అడిగే హక్కు చట్టం ఇచ్చింది. కంపెనీ బుకింగ్ నంబరు మీ చేతికి వచ్చాక దాన్ని కంపెనీ సైట్‌లో మీరే వేసి చూసుకోండి.

ఇన్సూరెన్స్ ఎవరి దగ్గర టికెట్ కొన్నా విడిగా ఆలోచించాల్సిందే. ఓడలో డాక్టర్ ఉంటాడు కానీ బిల్లు మీ గది ఖాతాలో పడుతుంది. అమ్మానాన్నలకి తీసుకున్న విజిటర్ ఇన్సూరెన్స్ క్రూజ్‌కి వర్తిస్తుందా అన్నది పాలసీలో చదవండి. బీపీ, షుగర్ ఉన్నవాళ్ళకి పాత జబ్బుల మినహాయింపు పోవాలంటే చాలా పాలసీల్లో మొదటి డిపాజిట్ కట్టిన రెండు మూడు వారాల లోపే కొనాలి. తర్వాత చూద్దాంలే అంటే ఆ వీలు పోతుంది.

ఇంతా చెప్పి తమ్ముడి పాస్‌పోర్టు తెరిచాం. స్టాంపు ఫిబ్రవరిలోనే అయిపోయింది. అతను చూసిపెట్టుకున్న ఓడ కోజుమెల్ తర్వాత గ్రాండ్ కేమన్ వెళ్తుంది. ముఖం వాడిపోయింది పాపం. డిపాజిట్ కట్టలేదు, అదొక్కటే నయం. అప్పుడు హవాయి గురించి చెప్పాను. నార్వీజియన్ వాళ్ళ ప్రైడ్ ఆఫ్ అమెరికా అమెరికా జెండాతో తిరిగే ఓడ. హొనొలులులో బయల్దేరి ఏడు రాత్రులు హవాయి దీవుల మధ్యే తిరుగుతుంది, విదేశీ పోర్టు లేదు, స్టాంపు అడిగే పని లేదు. ఖర్చు ఎక్కువే, విమానం దూరమే. రాత్రి భార్యతో మాట్లాడి సరే అన్నాడు. నలుగురికి విమానాలు, ముందురోజు హోటల్, అమ్మగారి మోకాళ్ళు ఇవన్నీ ఉన్నాయి కాబట్టి ఏజెంట్‌కే ఇచ్చాడు, కార్డు మీద.

నిన్న ఇన్వాయిస్ వచ్చింది. నాలుగు పాస్‌పోర్టులూ ఫోన్‌లో తెరిచి, అక్షరం అక్షరం సరిచూశాం. వాళ్ళ నాన్నగారి పేరులో ఒక హెచ్ తక్కువైంది. ఈ ఉదయం ఏజెంట్‌కి ఫోన్ చేస్తే రెండో రింగులో ఎత్తి, పది నిమిషాల్లో సరిచేసి పంపింది.