కెనడా పీఆర్ (శాశ్వత నివాసం) కోసం లెక్కగట్టే సీఆర్‌ఎస్ స్కోరు 460 దగ్గర ఆగిపోయింది. ప్రొవిన్షియల్ నామినేషన్ (అక్కడి ఒక ప్రావిన్స్, అంటే రాష్ట్రం, మనల్ని ఎంచుకుని సిఫారసు చేయడం) మీద ఆశ పెట్టుకోవచ్చా?

పెట్టుకో తమ్ముడూ. బరంపురం నుంచి అడిగావు కాబట్టి, నీలాగే ఒడిశా తెలుగువాణ్ని, పర్లాకిమిడివాడిగా నా సంగతే చెబుతాను.

2019లో నా స్కోరు 438. వయసు ముప్పై నాలుగు, ఏడాది గడిచేకొద్దీ పాయింట్లు తరిగిపోతున్నాయి. ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్ రెండుసార్లు రాశాను. ఇక కెనడా మన వల్ల కాదులే అనుకుంటుండగా సస్కాచెవాన్ ప్రావిన్స్ నామినేట్ చేసింది. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీతో (స్కోరు చూసి పీఆర్‌కి పిలిచే కెనడా ప్రభుత్వ ఆన్‌లైన్ పద్ధతితో) ముడిపడిన నామినేషన్‌కి ఒకేసారి 600 పాయింట్లు కలుస్తాయి. నా 438 కాస్తా 1038 అయింది, తర్వాతి డ్రాలోనే, అంటే ఎక్కువ స్కోరున్నవాళ్లని పిలిచే తర్వాతి విడతలోనే, పీఆర్‌కి అప్లై చేసుకోమని ఇన్విటేషన్ వచ్చేసింది. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీతో సంబంధం లేని నామినేషన్లూ ఉన్నాయి. వాటికి ఈ 600 రావు, ఫైలు వేరే దారిలో నెమ్మదిగా నడుస్తుంది. అప్లై చేసేముందే ఏ రకమో చూసుకో.

అసలు టెన్షన్ ఆ తర్వాత మొదలైంది. ఇన్విటేషన్ వచ్చాక కాగితాలన్నీ పెట్టడానికి 60 రోజులే గడువు. పాప బర్త్ సర్టిఫికెట్ తీసి చూస్తే తండ్రి పేరు శ్రీనిబాస్. నా పాస్‌పోర్టులో శ్రీనివాస్. ఒడియాలో రాసేటప్పుడు మన 'వ' చాలాచోట్ల 'బ' అయిపోతుంది. ఇన్నేళ్లలో ఇంట్లో ఒక్కరమూ ఆ అక్షరం వైపు చూడలేదు. బర్త్ సర్టిఫికెట్లిచ్చే ఆఫీసుకు వెళితే దిద్దడానికి మూడు నెలలు పడుతుందన్నారు. అక్కడే కాళ్లు చల్లబడిపోయాయి.

కోర్టు బయట చెట్టు కింద మిషన్ పెట్టుకుని కూర్చునే ముసలి టైపిస్టు నన్ను ఆదుకున్నాడు. "కంగారు పడకు బాబూ, ఈ ఊళ్లో వెంకటరావులంతా కాగితాల మీద బెంకటరావులే" అంటూ, రెండు పేర్లూ ఒకే మనిషివని అఫిడవిట్ కొట్టి ఇచ్చాడు. దాన్ని నోటరీ చేయించాను. ఒడియా సర్టిఫికెట్‌ని ఇంగ్లీషులో పెట్టడానికి మా బావ ముందుకొచ్చాడు గానీ, కుటుంబసభ్యుల అనువాదం కెనడావాళ్లు ఒప్పుకోరు. బయటి మనిషితో చేయించి, ఆయన అఫిడవిట్, నా వివరణ లేఖ జతచేసి 53వ రోజున సబ్మిట్ కొట్టాను. ఆ రాత్రి అమ్మ బలవంతం చేస్తేగానీ అన్నం తినలేదు.

విశాఖలో ఒక కన్సల్టెన్సీ నామినేషన్ గ్యారంటీ అని లక్షన్నర అడిగింది. నామినేషన్‌కి గ్యారంటీ ఇవ్వగలవాడు ఎవడూ లేడు. ప్రావిన్సుల దారిలో వచ్చేవాళ్ల లక్ష్యాన్ని 2024లో 1,10,000గా పెట్టిన కెనడా ప్రభుత్వం 2025కి 55,000 చేసింది. ప్రావిన్సులు కూడా ఇప్పటికే అక్కడ పనిచేస్తున్నవాళ్ల వైపే మొగ్గుతున్నాయి. అలాంటప్పుడు గ్యారంటీ అనే మాట ఎలా వస్తుంది నోట్లోంచి?

ఇంకో మాట కూడా చెప్పాలి. పీఆర్ చేతికి రాగానే టొరంటో వెళ్లిపోదామనే ఆలోచనతో నామినేషన్ అడగొద్దు. ఇక్కడే ఉంటానని సంతకం పెట్టి ఆ ప్రావిన్స్ చోటు తీసుకుంటున్నాం. నేను ఇప్పటికీ సస్కాచెవాన్ రాజధాని రెజీనాలోనే ఉన్నాను. చలి మైనస్ ముప్పై దాటుతుంది, నిజమే. కానీ నా 438 చూసి కూడా నన్ను రమ్మన్నది ఈ ప్రావిన్సే.

నువ్వు ముందు ఈ రాత్రికే బీరువా తెరిచి, నీవీ, మీ ఆవిడవీ, పిల్లలవీ అన్ని సర్టిఫికెట్లూ పాస్‌పోర్టుల పక్కన పెట్టి అక్షరం అక్షరం సరిచూసుకో. 'వ' ఉండాల్సిన చోట 'బ' ఉంటే రేపే ఆఫీసుకు వెళ్లు. నీకింకా ఆ మూడు నెలలూ ఉన్నాయి.