కోటి ప్రశ్నకు తరగని ఆదరణ

ప్రశ్న: ‘కౌన్ బనేగా కరోడ్‌పతి’ మొదలై ఇన్నేళ్లయినా మా అత్తగారు ఒక్క రోజూ వదలరు. హిందీ అంతంతమాత్రంగా వచ్చిన ఆవిడను కూడా అది ఎందుకు కట్టిపడేస్తోంది?
– ఒక గృహిణి, బొబ్బిలి, విజయనగరం జిల్లా

జవాబు: 1998లో బ్రిటన్‌లో మొదలైన టీవీ క్విజ్ ఆటకు భారతీయ రూపమైన ఈ కార్యక్రమం 2000 జూలైలో స్టార్ ప్లస్‌లో ప్రారంభమైంది. ప్రశ్నతోపాటు నాలుగు జవాబులూ తెర మీద కనబడడమే దాని అసలు బలమని నా నమ్మకం. ఏమీ తెలియనివారు సైతం ఒకదాన్ని ఎంచుకొని, ఇంట్లో కూర్చునే పోటీదారులైపోతారు. అంతకన్నా గొప్పది, గెలిచిన సొమ్ముతో ఆట విరమించవచ్చన్న నిబంధన. లైఫ్‌లైన్లన్నీ, అంటే జవాబు తోచనప్పుడు వాడుకునే సాయాలన్నీ అయిపోయి, జవాబు తెలిసీ తెలియక, కూతురి పెళ్లో ఇంటి అప్పో మనసులో మెదులుతుండగా పోటీదారు తటపటాయిస్తున్నప్పుడు, మనం ప్రశ్నను మరచి ఆ మనిషి మేలునే కోరుకుంటాం. ఆ ఆత్రుత అర్థం కావడానికి హిందీ అక్కర్లేదు. 2007లో షారుక్ ఖాన్ నిర్వహించిన మూడో విడత మినహా అమితాబ్ బచ్చన్ చూపుతూ వచ్చిన మర్యాద కూడా చిన్న విషయం కాదు. తెలుగులోనూ 2014లో నాగార్జున వ్యాఖ్యాతగా ‘మీలో ఎవరు కోటీశ్వరుడు’ వచ్చింది. వీలైతే మీ అత్తగారి పక్కన కూర్చొని, సరైన జవాబు వెల్లడించకముందే మీ ఎంపికనూ ఆవిడకు చెప్పి చూడండి.